తాంబూలం సంచిలో గమ్మీలు

అమెరికాలోని షామ్‌బర్గ్‌లో ఆ ఇంట వరలక్ష్మీ వ్రతం ముగిసింది. ఆఖరి పేరంటాలి కారు ఇంకా మలుపు తిరగనేలేదు, జెల్లీ మిఠాయిల్లాంటి గమ్మీల సీసా ఖాళీగా కనబడేసరికి కూతురు దాన్ని పట్టుకుని తల్లి దగ్గరికి పరుగెత్తింది.

"అమ్మా, ఇందులోవి ఏమయ్యాయి?"

"ఎర్రగా ముద్దొస్తుంటే తాంబూలం సంచుల్లో వేద్దామని తీశానే."

"అయ్యో! అవి పిల్లల చాక్లెట్లు కావమ్మా. గంజాయి జాతి మొక్కతో చేస్తారు. నిద్ర పట్టక తెచ్చుకున్నాను."

"గంజాయా! హవ్వ!"

"ఇక్కడ షాపులోనే అమ్ముతారు. కానీ ఇందాక పేరంటానికి వచ్చిన హాసిని వాళ్లు రేపు డ్రైవ్ చేసుకుంటూ వెళ్లే స్టేట్‌లో బ్యాన్. కార్‌లో దొరికితే వాళ్ల వీసా ఏం కావాలి? పైగా ఇంట్లో చిన్నపిల్లలు!"

"ఒకే దేశంలో గీత దాటితే నేరమా? అదేం చోద్యమే?"

"స్టేట్‌కో లా అమ్మా! ఎవరెవరికి వేశావో చెప్పు, ఫోన్ చేస్తాను."

"ఫోన్ కింద పెట్టు. ఎవరికీ వెయ్యలేదు."

"తీశానన్నావుగా?"

"తీశాను. ఏది కొన్నా వెనకాల చదవమని నువ్వేగా నేర్పావు! కళ్లజోడు పెట్టుకుని చదివితే జెలటిన్ అని ఉంది. వ్రతం రోజున పేరంటాళ్లకి ఎముకల జిగురు పంచుతానా? అన్నీ చెత్తబుట్టలో పోశాను."

కూతురు కుర్చీలో కూలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది.

"వాళ్ల వీసాలు కాపాడావమ్మా!"

"నవ్వింది చాల్లే. మీ స్టేట్ల సంగతి నాకు తెలియదు. ఇన్నాళ్లూ నువ్వు ఆ ఎముకల జిగురు తిన్నావు కదూ? లే, ముందు వెళ్లి తలస్నానం చేసిరా!"