గోడకి ఇటొకటి, అటొకటి

మధ్యాహ్నం. వంటింటి బల్ల దగ్గర లెక్కల టీచరైన వదిన, జలాశయం గేట్లు చూసే మరిది.

"...ఈ సంఖ్య మూడుతో పోదు, ఏడుతో పోదు, పదకొండుతో పోదు. ఏ చిన్న సంఖ్యతో కొట్టినా చెక్కు చెదరదు."

"వదినా, ఆకలేస్తోంది."

"వడ్డిస్తాలే. ముందు ఇది విను, చెప్పుకోడానికి మనిషి లేక చస్తున్నా. ప్రధాన సంఖ్యే అనుకున్నా. కాదు."

"అంటే భాగాలున్నాయన్నమాట."

"ఒకటిని పక్కన పెడితే రెండే రెండు. రెండూ ప్రధాన సంఖ్యలే. అన్నీ కలిపి కూడినా దీని కాలిగోటికి రావు. ఇలాంటివాటిని లోప సంఖ్యలంటారు. ఇంత ఒళ్ళుండీ లోపల డొల్ల."

"ఇన్ని అంకెలున్నదాన్ని ఎలా విడగొట్టావు? కంప్యూటర్లకే ఏళ్ళు పడుతుందంటారుగా."

"పడుతుంది, ఆ రెండూ దూరదూరంగా ఉంటే. వీటిని ఎంచినవాడెవడో ఉత్త బద్ధకస్తుడు. వర్గమూలాన్ని గోడ అనుకో. గోడకి ఇటొకటి, అటొకటి, తోటికోడళ్ళలా కాపురం పెట్టాయి. గోడ పక్కనే వెతికా. నా పాత లాప్‌టాప్ చాలింది."

"ఏదీ, ఆ కాగితం ఇటివ్వు."

"తిని చూద్దువుగాని."

"ఇవ్వు వదినా... ఇదెక్కడిది?"

"ఏదో పజిల్."

"ఎక్కడిదని."

"ఏ పుస్తకంలోదో. ఏం, మొహం అలా అయిపోయింది?"

"ఈ మొదటి వరస నాకు కంఠతా వచ్చు. మా గేట్ల గదిలో తెర మీద రోజూ ఉంటుంది."

"అయితే ఏం? అందరికీ కనిపించేలా పెట్టింది రహస్యమేం కాదుగా?"

"సంఖ్య రహస్యం కాదు. అది గేట్ల తాళం. దాని రెండు ముక్కలూ రహస్యం. అవి తెలిసినవాడు ఎక్కడ కూర్చుని చెప్పినా గేట్లు వింటాయి. తెరుచుకోమంటే తెరుచుకుంటాయి. నేను అడ్డం పడ్డా ఆగవు. ఎవరిచ్చారు?"

"అదీ..."

"వదినా."

"మీ అన్నయ్యే."

"అన్నయ్యా?"

"ఉద్యోగం ఊడినప్పటి నుంచీ ఆయన నవ్వింది లేదు. ఇది తెచ్చి, నీ వల్ల అవుతుందా అని నవ్వారు. ఆ నవ్వు చూసి కూర్చున్నా."

"ఆ తాళం వదులుగా ఉందని చెప్పినందుకే కదా, మా ఆఫీసులో అన్నయ్యని పదిమందిలో ఎగతాళి చేసి మరీ పంపేశారు. జవాబు చెప్పావా?"

"నిన్న సాయంత్రం. రెండు ముక్కలూ రాసిచ్చా. చాలాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు."

"ఏమన్నాడు?"

"నా తల నిమిరారు."

"వానలకి జలాశయం అంచుదాకా ఉంది వదినా. గేట్లన్నీ ఒక్కసారి లేస్తే ఈ వీధి వీధంతా ఉండదు. ఫోన్ చెయ్యి, ఇప్పుడే."

"పొద్దున్నుంచీ చేస్తూనే ఉన్నా. ఎత్తట్లేదు."

"పిల్లలేరి? చప్పుడే లేదు ఇంట్లో."

"తెల్లారగానే గుట్ట మీద మీ అక్క వాళ్ళింటికి ఆయనే తీసుకెళ్ళారు. నన్నూ రమ్మన్నారు. నువ్వు భోజనానికొస్తావు కదా అని నేనే ఆగిపోయా."