సారుకు కప్పని శాలువ

“అవ్వా, పెద్దసారుకు శాలువ కప్పకుండ నిలబెట్టినవట గద, నిజమేనా?”

నవ్వకు బిడ్డా, చెప్త. చాయ తాగు. నువ్వు ఈ బడికి కొత్తగ వచ్చిన మేడంవు, నీకు తెల్వాలె.

గిప్పుడు రాయదుర్గం మెట్రో దిగినకాడ అద్దాల మేడలున్నయి సూడు, ఆడంత గుట్టలే ఉండె. మా అత్తా నేను సీతాఫలాలు తెంపుకొస్తుంటిమి. గంపకు రూపాయి వచ్చేది. లే లే, రూపాయి గూడ రాకపోయేది. అగో, ఎటో పోతున్న.

నా కొడుకు గసొంటి మేడ కడుతనే పైకెల్లి పడి సచ్చిపోయిండు. వాని బిడ్డ శిరీష గప్పటిసంది నోరు తెరువలే. పంతుళ్లు మంచోళ్లే, గని గంతమంది పిల్లలల్ల ఎవర్నని అర్సుకుంటరు? అప్పుడు ఏదో కంపెనీ పైసలిచ్చి ఒక మేడంను పెట్టింది, పిల్లల మనసు అర్సుకోనీకి. ఆమె ఏం అడగకపోయేది. పిల్ల పక్కన మెట్లమీద కూసొని బొమ్మలు గీసేది. ఒకనాడు మా పిల్లనే ఆ మేడంను అడిగిందట, “పడ్డప్పుడు మా నాయినకు నొప్పి లేసిందా” అని. నేను ఏడుస్తనని నన్ను అడగలే, సమజైందా? ఆ మాటినంగనే నా పానమంత కరిగిపోయింది.

గంతల కంపెనీ పైసలు బంద్ చేసింది. మేడం పోయింది. పిల్ల మల్ల మూగదైంది.

గప్పుడే జిల్లా చదువుల ఆఫీసుకెల్లి పెద్దసారు బడి సూడనీకి వచ్చిండు. బడి కమిటీల ముసలిదాన్నని శాలువ నా చేతికిచ్చిన్రు. సారు మెడ వంచిండు, ఫోటో తీసేటోడు తయారు. నేను కప్పలే. “జర ఇను సారూ. కంపెనీకి దయ పుట్టినన్నాళ్లే మేడం ఉండుడేంది? అన్నం పెడుతున్నరు, పుస్తకాలిస్తున్నరు, గట్లనే బడి బడికి గసొంటి ఓ మేడంను సర్కారే ఇయ్యాలె. ఇచ్చినంక కప్పుత” అన్న. పెద్ద పంతులమ్మ నా కొంగు గుంజుతనే ఉంది. సారు పాపం వంగినోడు వంగినట్లే ఉన్నడు. పైకి రాస్తనమ్మా అన్నడు. శాలువ మడతపెట్టి ఇంటికి తెచ్చుకున్న.

ఆయన రాసిండో లేదో తెల్వదు గని, నేనూ ఇంకిద్దరు తల్లులూ ఆఫీసు సుట్టు తిరిగి తిరిగి యాష్టకొచ్చినం. ఆఖరికి సర్కారు నిన్ను పంపింది. నిన్న శిరీష, నేను అడగకముందే, కొత్త మేడం అని నీ పేరు చెప్పింది బిడ్డా.

ఇగో, గదే శాలువ. సారుకా? ఆయనకు ఇంకోటి కొంట, అన్ని బళ్లకు మేడంలు వచ్చినంక. జర వంగు... సల్లగుండు తల్లీ. పిల్లల్ని ఇడిసి పోకు.