ఉప్పు లేని గంజి

అందరూ లోపలికి రండి. షట్టరు సగం దించండి చాలు, కాస్త గాలి ఆడనివ్వండి. మైకు లేదు. సందు మొదట్లో సైనికులు నిలబడి ఉన్నారు, అందుకని గొంతు పెంచలేను. గొంతు తగ్గించానని కోపం తగ్గిందనుకోవద్దు.

అమ్మలారా, అయ్యలారా. రాయచోటి నుంచి, కడప నుంచి బతుకుతెరువు కోసం ఈ కువైట్‌కు వచ్చి, ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగినప్పటి నుంచి హవల్లీలో ఈ ఒక్క బిల్డింగులో తలదాచుకుంటున్న నా వాళ్లారా. మన డ్రైవర్ లాల్ బాషా ఇక లేడు. మొన్న శుక్రవారం ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చాం. రాయచోటిలో ఆయన భార్య షాహజాదికి ఈ సంగతి ఇంకా తెలియదు. ఫోన్లు లేవు. రేపు పొద్దున బస్రా, బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వెళ్లే బస్సులో మీరంతా బయల్దేరుతున్నారు. ఇంటికి చేరాక ఆమెకు మీరే చెప్పాలి. ఏం చెబుతారు?

నేను విన్నాను. మెట్ల మీద కూర్చుని తీర్మానం చేసుకున్నారట. గుండెపోటు అని చెప్పాలట. ఎందుకు? గుండె ఆగితే మర్యాద, మెదడుకు జబ్బు చేస్తే అవమానమా? రెండూ ఒకే ఒంట్లో లేవా? ఒకే రక్తం తాగి బతకడం లేదా?

నన్ను ఎరగనివాళ్లకు చెబుతున్నాను. నా పేరు గంగాధర్. ఇక్కడ మానసిక వైద్యుణ్ణి. బాషాకు ఏళ్లుగా మందు రాస్తున్నది నేనే. మామూలుగా ఒక రోగి జబ్బు గురించి నలుగురిలో నోరు విప్పను. కానీ బాషా తన జబ్బును ఎవరి దగ్గరా దాచలేదు. అందుకే ఇవాళ నేనూ దాచడం లేదు.

మీకు గుర్తుందా? అన్నం తినగానే అందరి ముందూ చొక్కా జేబులోంచి డబ్బా తీసి మాత్ర వేసుకునేవాడు. ఒకరోజు చిన్నపుల్లయ్య అది చూసి ముసిముసిగా నవ్వాడు. బాషాకు కోపం రాలేదు. "నీకు షుగరు మాత్ర మాదిరే నాకిది సామీ. నీది రగతంలో తీపికి, నాది తలకాయలో జోరుకు. దీంట్లో సిగ్గేముంది?" అన్నాడు.

అంతకంటే బాగా నేనూ చెప్పలేను. మెదడులో కోట్లాది కణాలు ఒకదానికొకటి కబురు పంపుకుంటూ ఉంటాయి. రసాయనాలే ఆ కబుర్లు మోస్తాయి. బాషాకు ఉన్న జబ్బులో ఆ కబుర్ల జోరు అదుపు తప్పుతుంది. ఒక్కోసారి నిద్ర అక్కర్లేదనిపిస్తుంది, మాట ఆగదు, లోకాన్నంతా తానే మోయగలననిపిస్తుంది. ఇంకోసారి లేచి మొహం కడుక్కోవడమే కొండంత పనవుతుంది. లిథియం అనే మందు కణాల లోపలికి వెళ్లి ఆ జోరును సర్దుతుంది. ఎలా సర్దుతుందో పూర్తిగా తెలుసునని ఏ డాక్టరైనా అంటే నమ్మకండి, మాకూ సగమే తెలుసు. కానీ సర్దుతుంది. ఇది దయ్యం కాదు. గాలి కాదు. చేతబడి కాదు. మందుకు లొంగే జబ్బు.

ఆ జబ్బు ఉన్న మనిషి ఏం చేశాడో చూశారు కదా? సైన్యం దిగిన వారంలోనే ఆయన్ను డ్రైవరుగా పెట్టుకున్న కఫీల్ కుటుంబం బండి ఒకటి వదిలేసి సౌదీకి పారిపోయింది. బాషా కూడా వాళ్లతో పోయుండొచ్చు. పోయాడా? ఇంటిపని చేయించుకునే యజమానురాళ్లు, ఆ మామాలు వదిలేసి వెళ్లిన ఇళ్లలో, అబూ హలీఫాలో, మన ఆడబిడ్డలు తలుపులు బిగించుకుని కూర్చున్నారని తెలిసి ఆ బండి తీశాడు. రెడ్డెమ్మా, నిన్ను తెచ్చింది ఎవరు? వెంకటేశ్వరీ, నిన్ను? ఒక చెక్‌పోస్టులో సైనికుడు తుపాకీ గురిపెట్టి ఈ ఆడవాళ్లెవరని అడిగితే, వచ్చీరాని అరబ్బీలో "అందరూ నా అక్కచెల్లెళ్లే" అన్నాడట. బండి నిండా బొట్టు పెట్టుకున్న అక్కచెల్లెళ్లు. ఆ సైనికుడికే నవ్వొచ్చి వదిలేశాడు.

అలా తిరిగి తిరిగి నిద్ర మానేశాడు. నిద్ర లేకపోతే ఈ జబ్బు రేగుతుంది. గట్టిగా నవ్వడం, గట్టిగా మాట్లాడడం మొదలైంది. మీకు భయం వేసింది, సైనికులు వింటారని. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. అప్పుడు నన్ను పిలవాలి. పిలిచారా? పిచ్చి డాక్టరు మన బిల్డింగుకు వస్తే పరువు పోతుందన్నారు. నా ఇల్లు ఎక్కడుంది? రెండు సందుల అవతల!

పిలవకుండా ఏం చేశారు? పత్యం పెట్టారు. మందు బాగా పట్టాలని పత్యం. పులుపు వద్దు, కారం వద్దు, ఉప్పు వద్దు. మన ఊళ్లో నాటుమందుకు పెట్టే పత్యాన్ని ఈ మందుకు పెట్టారు. పూటపూటకూ ఉప్పు లేని గంజి, దాని మీద మాత్ర.

వినండి. లిథియం కూడా ఒక రకం ఉప్పే. మూత్రపిండాలకు ఈ ఉప్పుకూ ఆ ఉప్పుకూ తేడా సరిగా తెలియదు. తిండిలో ఉప్పు తగ్గితే, ఉన్నదాన్ని బయటకు పోనివ్వకుండా పట్టుకుంటాయి, దాంతోపాటు లిథియాన్నీ పట్టుకుంటాయి. పైగా ఏసీ పాడైన గది. ఈ ఎండ. చెమటలో పోయే ఉప్పు పోయింది. తాగడానికి నీళ్లు అరకొర. రక్తంలో మందు పెరిగి పెరిగి విషమైంది.

ముందు చేతులు వణికాయి. మందు పడుతోందన్నారు. తర్వాత వాంతులు. పైత్యం దిగుతోందన్నారు. తర్వాత మాట ముద్దయింది, కాళ్లు తడబడ్డాయి. గాలి సోకిందన్నారు, గదిలో పెట్టి గొళ్లెం వేశారు.

ఆ తలుపు వెనక నుంచి బాషా ఏమన్నాడో, మొన్న ఆయన సమాధి దగ్గర ఏడుస్తూ మన పీర్ సాహెబే నాకు చెప్పాడు. "గంజిలో ఉప్పెయ్యండి. ఉప్పు లేకుంటే ఈ మందు నన్ను సంపుతాది. నమ్మకుంటే గంగాధర్ సారును అడగండి." మాట తిరగని నాలుకతో ఇదే మాట అన్నాడు, మళ్లీ మళ్లీ అన్నాడు. తన మందు గురించి నేను చెప్పిన ప్రతి మాటా ఆయనకు గుర్తుంది. మీలో ఎంతమంది విన్నారు? విని ఏమన్నారు? పిచ్చోడి మాట అన్నారు. ఎవరి బండి ఎక్కి చెక్‌పోస్టులు దాటారో ఆ మనిషి మాట, పిచ్చోడి మాట అయిపోయిందా?

నన్ను పిలిచేసరికి ఆయనకు స్పృహ లేదు. అలాంటప్పుడు రక్తాన్ని శుభ్రం చేసే యంత్రం ఉండాలి. ఆసుపత్రిలో ఉన్నదాన్ని సైనికులు ఎత్తుకుపోయారు. వాళ్ల మీద నాకు కోపం లేదా? ఉంది, కడుపు మండిపోతోంది. కానీ గంజిలో చిటికెడు ఉప్పు వేయొద్దని మనకు ఏ సైన్యం చెప్పింది?

రజియా బీ, తల ఎత్తండి. ఆ గంజి కాచింది మీరే, కానీ మిమ్మల్ని ఒక్కరినే నిలబెట్టడానికి రాలేదు నేను. మీరు ప్రేమతో కాచారు. షుగరు మాత్రకు పత్యం ఏమిటో డాక్టరును అడిగి వస్తారు అందరూ. ఈ మాత్రకు మాత్రం ఎవరూ అడగరు. నా కోపం దాని మీద.

ఇంకొక్క మాట. నిన్న మెట్ల కింద చెత్తలో ఈ డబ్బా దొరికింది. ఇదిగో. అవే మాత్రలు, కానీ బాషావి కావు. మీలో ఒకరివి. తలలు తిప్పకండి. వెతక్కండి. ఎవరివో నాకు తెలుసు, చెప్పను. బాషా చావు చూసి, మాత్రే చంపిందనుకుని పారేశారు. పదిమందిలో మింగే ధైర్యం ఆ మనిషికి లేదు, లేకుండా చేసింది మనమే. రేపు ఎడారిలో ప్రయాణం. ఉన్నట్టుండి మందు మానేస్తే జబ్బు దారిలోనే తిరగబడుతుంది. అప్పుడు ఆ మనిషినీ బస్సు సీటుకు కట్టేస్తారా?

ఆ ఒక్కరితో అంటున్నాను. బాషాను చంపింది మాత్ర కాదు. నేను చెప్పినట్టే వేసుకోండి. ఉప్పు వేసిన అన్నం తినండి, నీళ్లు తాగండి. వాంతులైనా, చేతులు మరీ వణికినా మాత్ర ఆపి, కనిపించిన మొదటి డాక్టరుకు మందు పేరు చెప్పండి. మిగిలినవాళ్లకు చెబుతున్నాను, బస్సులో ఎవరైనా ఉప్పు అడిగితే ఇవ్వండి. నీళ్లు అడిగితే ఇవ్వండి. ఎందుకని అడగొద్దు. షాహజాదికి మాత్రం నిజం చెప్పండి. జబ్బు చంపలేదని, మనం మాట వినక చంపుకున్నామని చెప్పండి.

ఇప్పుడు లాల్ బాషా కోసం మౌనంగా నిలబడదాం. ఈ డబ్బాను బల్ల మీద పెడుతున్నాను, పక్కన నీళ్ల సీసా. నేను గోడ వైపు తిరుగుతాను. మీరు తల వంచి కళ్లు మూసుకోండి. ఎవరివో అడుగులు వినిపిస్తాయి. విననట్టు ఉండండి. నేను చాలు అనేదాకా ఒక్కరూ కళ్లు తెరవొద్దు. లేవండి.