గంగులు చేతి కంకణం

గంగులని ఒకడున్నాడు, కల్లు గంగులు. ఊళ్ళో పిల్లకాయలు కూడా ఆ పేరుతోనే పిలిచేవోళ్ళంట, ఈడూ పలికేవోడు. పెళ్ళాం నూకమ్మ రోజూ పొద్దుగూకేసరికి కల్లుపాక కాడికెళ్ళి ఈడ్చుకొచ్చేది. ఒట్లు వేయించింది, తాయెత్తు కట్టించింది, అలిగి పుట్టింటికెళ్ళింది. తీసుకెళ్ళడానికి ఎవరూ రాకపోతే తనే వొచ్చేసింది. ఇంతలో ఏమైందంటే, అమ్మోరి గరగ మోసే ముసలాయన, గంగులుకి పెదనాన్న, కాలుజారి నడుం విరగ్గొట్టుకున్నాడు. గరగంటే తెలుసుగా, పడగున్న ఇత్తడి బిందె, జాతరప్పుడు నెత్తినెట్టుకుని ఊరంతా తిప్పాలి. ఆ ఇంటోళ్ళు తప్ప ఇంకొకళ్ళు ముట్టకూడదు. ఆ ఇంట్లో మిగిలిన మగోడు ఈడే. పెద్దలు చేసేదేముంది, ఈడికే తలంటిపోయించి, పూజారి చేత పసుపు కంకణం కట్టించారంట. జాతరై అమ్మోరి ముందు విప్పేదాకా చుక్క ముట్టకూడదు.

తీరా కట్టాక, గరగ ముందు మా వీధికి రావాలని పైవీధోళ్ళు, కాదు మా వీధికని కిందివీధోళ్ళు. జాతర ఆగిపోయింది. కంకణం మటుకు గంగులు చేతికే ఉండిపోయింది. మొదట్లో కల్లు లేక గోడకేసి తిరిగి పడుకున్నాడంట. కానీ గుమ్మం దాటితే చాలు, ఆడోళ్ళు నీళ్ళబిందె దింపి ఆడి కాళ్ళమీద నీళ్ళుపోసి 'గరగ బాబూ' అని దణ్ణం పెడతారు. ఆ తడికాళ్ళతో కల్లుపాకకి ఎలా ఎళ్తాడు చెప్పు? పాక నడిపేవోడే ఎదురైతే చెప్పులిప్పి పక్కకి నిలబడేవోడంట. నూకమ్మ మొగుడికి ఇంట్లో అన్నం పెట్టడం అప్పుడే నేర్చుకుందనుకో. కానీ పాకలో స్నేహితులు ఆడి ముంత బోర్లించి దాచారంట. 'కంకణం విప్పినరోజు మనోడు మనకొస్తాడు' అన్నారంట. ఆ మాట చెవినబడ్డాక నూకమ్మకి జాతరంటేనే భయం పట్టుకుంది, పాపం.

కొన్నాళ్ళకి, గరగ ముందు కిందివీధికని పెద్దలు రాజీపడ్డారు. నూకమ్మ బిందె చంకనెట్టుకుని పైవీధి పెద్దాయన ఇంటికెళ్ళి, ఆయన పెళ్ళాంతో, 'నాకెందుకులే గానీ పిన్నీ, కిందివీధి తిరిగొచ్చిన ఎంగిలి గరగ మీ గుమ్మంలోకి వొస్తదంట' అంది. అంతే, రాజీ గంగలో కలిసింది. మళ్ళీ రాజీ అయితే మళ్ళీ ఎళ్ళింది. ఆఖరికి అందరూ విసిగిపోయి, ఎవరి వీధి ముందో చీటీలేసుకుందాం, ఆదివారమే జాతర అన్నారు. ఈసారి కిందివీధే దిక్కని నూకమ్మ ఆ వీధి పెద్దాయన ఇంటికెళ్ళింది. పశువులపాక కాడ ఎవరో ముందే మాట్లాడతన్నారు. 'నాదేం పోయింది బాబూ, మోసేవోణ్ణి. చీటీ పైవీధికొస్తే ఎంగిలి గరగ మీకేగా వొచ్చేది, మీ పరువు కోసం చెబుతున్నాను' అంటన్నాడు ఒకడు. ఎవడనుకున్నారు? గంగులే.

వెనక్కి తిరిగాడు, పెళ్ళాన్ని చూశాడు. ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. దారిపొడుగూతా ఆడు ముందు, అది వెనక. ఇంటికొచ్చాక నూకమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదంట. 'కంకణం వెలిసిపోయింది. చెయ్యి ఇలా పెట్టు, పసుపు రాస్తాను' అంది. ఆడు పెట్టాడు.

ఆ ఊళ్ళో జాతర ఇప్పటికీ అవలేదు. అమ్మోరికి కోపం రాలేదా అంటారేమో. ఎందుకొస్తది? ఆవిడా ఆడమనిషేగా.