ట్రాన్స్‌ఫర్ మెయిల్

సూర్యాపేటలో మంజుల ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుంది. మాడుగులపల్లిలో టీచరుగా చేస్తూ అక్కడే కిరాయి గదిలో ఉంటున్న భర్త మహేందర్ ఫోన్ చేశాడు.

"మంజులా, ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ మెయిల్ చేసినమంటున్నరు. నా ఫోన్ల కనవడ్తలేదు."

"గీడ కంప్యూటర్ల ఉంది. ఇది మెయిల్ దించుకోంగనే సర్వర్ల తుడిచేస్తది. ఇగ నీ ఫోన్‌కేం మిగులతది?"

"జర ఆ సెట్టింగ్ మార్చు."

"మార్చిన. కొత్త మెయిళ్లు ఇగ రెండింట్ల వస్తయ్."

"మరి గా ఆర్డర్? ఎక్కడేసిన్రు? పరేషాన్ చేయకు."

"మోతె."

"నువ్వు పని చేసే మోతెనా?"

"ఇంకో మోతె ఉందా?" అని మంజుల నవ్వింది.



"అయితే ఇప్పుడే బస్సెక్కుతున్న. రాత్రికి నాకు గూడ వండు."

"బియ్యం ఎప్పుడో కడిగిన. మెయిల్ రాంగనే సదివిన కదా."