ఎవరి ఎడమ?

సభకు పెద్దగా కూర్చున్న సూపరింటెండెంటు గారికి, తొమ్మిదేళ్లుగా గొంతు మాత్రమే తెలిసి ఇవాళే మనిషిగా కనిపించిన నగరపు డాక్టరమ్మ గారికి, తోటి సిబ్బందికి, నా పదవీ విరమణ ప్రసంగం ఎప్పుడైపోతుందా అని ముందు వరుసలో ఎదురుచూస్తున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం.

నాకు ఎక్స్‌రే తీయడం వచ్చు, చదవడం రాదు. చదివే డాక్టరు మన ఆసుపత్రిలో లేరు కనుక, నేను తీసిన బొమ్మ కంప్యూటరులో నగరానికి వెళ్లేది, అక్కడ ఈ మేడమ్ చూసి ఫోనులో చెప్పేవారు. మధ్యలో నెట్‌వర్క్ అనే మహానుభావుడు ఒకడు. ఆయనకు మబ్బు పడితే జలుబు, ఎండ కాస్తే నీరసం. (నవ్వులు)

ఒక వానాకాలం ఉదయం బస్సు మెట్ల మీద జారిపడిన కండక్టరు గారిని తీసుకొచ్చారు. అదిగో, మూడో వరుసలో చెయ్యి ఊపుతున్నారు. ఊపిరి ఆడక ఆయన పెదాలు నీలంగా మారిపోతున్నాయి. మన డ్యూటీ డాక్టరమ్మాయి ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగో రోజు. బొమ్మ తీశాను, పంపాను, అది సగం దారిలో కూర్చుండిపోయింది.

ఫోనులో మేడమ్, "బొమ్మ సంగతి వదిలెయ్యండి, మీకేం కనిపిస్తోందో చెప్పండి" అన్నారు.

"ఎడమవైపంతా నలుపండీ."

"ఎంత నలుపు?"

"మా ఆవిడ మాడ్చిన పెనమంత."

(ఇప్పుడలా చూడకు, ప్రాణం మీదికొచ్చినప్పుడు నోటికేదొస్తే అదే!)

"గుండె ఎటుంది?"

"కుడివైపుకి జరిగిందండీ, ముసలావిడకి సీటిచ్చినట్టు."

"ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది, వెంటనే సూదితో తియ్యాలి. ఆగండి! ఎడమంటే మీ ఎడమా, ఆయన ఎడమా?"

తెర మీద మనిషి మనకు ఎదురుగా నిలబడ్డట్టుంటాడు, ఆయన ఎడమ మనకు కుడి. ముప్ఫై ఏళ్ల అనుభవం ఆ ఒక్క ప్రశ్నకు ఆవిరైపోయింది. తెరకు వీపు పెట్టి, కండక్టరు గారిలా నిలబడి, ఎడమ చెయ్యెత్తి, వెనక్కి తిరిగి చూడబోయి, స్టూలు తగిలి కింద పడ్డాను. పడ్డవాణ్ణి పడ్డట్టే, "ఆయనదేనండీ!" అని అరిచాను. డాక్టరమ్మాయి స్టెతస్కోపు పెట్టి విని, "అవును, అటు చప్పుడే లేదు" అంటూ సూది దించింది. సైకిలు ట్యూబులా బుస్సుమంది. కాసేపటికి కండక్టరు గారు కళ్లు తెరిచి, నన్ను చూసి అన్న మొదటి మాట: "ముందు ఆయన్ని లేపండయ్యా." (నవ్వులు, చప్పట్లు)

ఇక ఈ ఉదయం సంగతి. నా గదిలోకి ఒకావిడ వచ్చారు. ఆఖరి రోజు కదా, మంచి ఊపు మీదున్నాను. "గొలుసు తియ్యండమ్మా, గడ్డం పైకి, ఊపిరి బిగపట్టండి" అన్నాను. పాపం, బిగపట్టారు. మీట మీద వేలు పెట్టబోతుంటే, "చీటీ చూడకుండానే తీసేస్తారా?" అంది ఆ గొంతు. ఫోనులోని ఆ గొంతు!

మీట మీంచి వేలు తీసేసి, "మీరు పొడుగ్గా ఉంటారనుకున్నానండీ" అన్నాను.

"నేనూ అంతే, మీరు లావుగా ఉంటారనుకున్నాను."

ఆ తరువాత ఇద్దరికీ మాట రాలేదు. తొమ్మిదేళ్లలో మా మధ్య మాట ఎప్పుడు ఆగినా తప్పు నెట్‌వర్క్‌దే. ఇవాళ మాత్రం దానికి ఏ పాపమూ తెలియదు. (కళ్లద్దాలు తుడుచుకుని) క్షమించండి.

మేడమ్, రేపటినుంచి ఫోను నా చోటికి వస్తున్న కొత్తమ్మాయి ఎత్తుతుంది. భయస్తురాలు. నన్ను విసుక్కున్నట్టే తననూ విసుక్కోండి, త్వరగా నేర్చుకుంటుంది. ఇన్నేళ్లు నన్ను భరించిన మీకందరికీ కృతజ్ఞతలు. మీలో ఎవరికీ నా గది గుమ్మం తొక్కే అవసరం రాకూడదని కోరుకుంటూ, సెలవు.