మిరపగింజలు సాక్ష్యం చెప్పిన కిలోమీటరు

1988 జూన్ పదిహేనో తేదీ ఉదయం పది గంటలకు శ్రీమతి షేక్ రహమతున్నీసా గారు గుంటూరులోని మన రహదారుల ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరారు. పదింబావుకు తొలి పని అప్పగించారు. పదకొండుకల్లా తొలి పేచీ వచ్చింది. కంకర జల్లెడ పట్టకుండానే నిన్నటి అంకెలు ఎక్కించేయమన్న పై ఉద్యోగితో ఆమె, "కొలిస్తే రాస్తానండి. కొలవకపోతే గడి ఖాళీగా ఉంచుతాను" అన్నారు. అన్నంత పనీ చేశారు. ఆ ఖాళీ గడి ఇప్పటికీ మన పాత రిజిస్టరులో ఉంది.

డిప్లొమాతో చేరిన ఆమె ఉద్యోగం చేస్తూనే ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నారు. చీరాల నుంచి మాచర్ల దాకా ఆమె తవ్వి చూడని రోడ్డు లేదు, ఆమె సుత్తి చప్పుడు వినని కాంట్రాక్టరూ లేడు. 2012లో ప్రయోగశాల బాధ్యతలు స్వీకరించారు. అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం ఇక్కడే ముగిసేది.

ఆమె తండ్రి గఫూర్ గారు చిలకలూరిపేటలో పత్తిగింజల నూనె మిల్లు కార్మికులు. 2014లో ఒక రోజు తండ్రి పాత పీఎఫ్ కాగితాల కోసం ఆ మిల్లుకు వెళ్లిన రహమతున్నీసా గారు గేటు ముందే ఆగిపోయారు. రోడ్డంతా ఎండకు పెళుసెక్కి, నెర్రెలు విచ్చి ఉంది. లోపలికి వెళ్లే నూనె ట్యాంకర్లు బొట్లు బొట్లుగా కార్చిన జాడలో మాత్రం ఒక్క పగులు లేదు. వాచ్‌మన్ బల్ల పక్కన నూనె మడుగు కట్టిన చోట పెద్ద గుంట పడింది. కొంచెం పడితే రోడ్డు బతికింది, ఎక్కువైతే చచ్చింది. అయితే ఎంత?

ఆ "ఎంత" కోసం ఆరేళ్లు పట్టింది. రోడ్డు పాతబడితే మనం పెళ్లలు పెళ్లలుగా తవ్వి పారేస్తాం. ఆ పెళ్లల్లో కంకర బాగానే ఉంటుంది, తారే ఎండి బిరుసెక్కుతుంది. దానికి తగుపాటి నూనె పట్టిస్తే మళ్లీ సాగుతుందనీ, కొండలు పిండి చేసి కొత్త కంకర తెచ్చే పని సగం తగ్గుతుందనీ ఆమె వాదన. తొలి నమూనాల్లో వందపాళ్ల పాత తారుకు పన్నెండు పాళ్ల నూనె కలిపారు. అచ్చు విప్పగానే దిమ్మ హల్వాలా కూలబడింది. పక్క బల్ల దగ్గరున్న శివనాగరాజు గారు ఊరుకుంటారా?

"మేడం, నూనె ఎలాగూ కాగింది. నాలుగు మిరపకాయలు పడేస్తే సాయంత్రానికి బజ్జీలైపోతాయండీ!"

"శనగపిండి మీరు తెండి నాగరాజు గారూ, మీ వాటా నూనె కూడా మీరే తాగుదురు గాని" అని ఆమె పదకొండు పాళ్ల దిమ్మకు సిద్ధమయ్యారు. దిగుతూ దిగుతూ ఐదు పాళ్ల దగ్గర దిమ్మ నిలబడింది. బజ్జీల మాట ఆనాడే ఆగిపోయింది.

2022 డిసెంబరులో సత్తెనపల్లి దారిలో ఒక కిలోమీటరు నూనె కలిపిన పాత తారుతో వేశారు. దాన్ని ఆనుకుని మరో కిలోమీటరు, పోల్చి చూడటానికి, అంతా కొత్త సరుకుతో వేశారు. నెలకోసారి ఆమె వెళ్లి చూసి వచ్చేవారు. మరుసటి మే నెలలో, ఈ పద్ధతి పనికొస్తుందో లేదో తేల్చే కమిటీ వచ్చింది. కొత్త సరుకు రోడ్డు మీద చక్రాలు తొక్కి పడిన గాడి లోతు నాలుగు మిల్లీమీటర్లు. నూనె రోడ్డు మీద ఎడమ సగంలో తొమ్మిది. కమిటీ పెద్ద అక్కడే కారు బానెట్ మీద కాగితం పెట్టి రాశారు: "నూనె వల్ల రోడ్డు మెత్తబడినది. ఈ పద్ధతిని విరమించవలెను." సంతకాలకు శుక్రవారం గడువు. ఆ సంతకాలు పడితే తొమ్మిదేళ్ల శ్రమ అటక ఎక్కుతుంది. ఆమె సర్వీసు ఇక రెండేళ్లే మిగిలి ఉంది, మరో రోడ్డు వేసి చూపే అవకాశం ఎవరిస్తారు?

అందరూ కార్లెక్కారు. ఆమె ఎక్కలేదు. మండుటెండలో మోకాళ్ల మీద కూర్చుని కుడి సగాన్ని చూడటం మొదలుపెట్టారు. అక్కడ గాడి రెండే మిల్లీమీటర్లు. ఒకే నూనె, ఒకే రోజు వేసిన తారు, ఒకే రోలరు. మరి ఎడమకు తొమ్మిది, కుడికి రెండు ఎందుకు? ముఖం ఇంకాస్త దగ్గరగా పెట్టారు. వరసగా మూడు తుమ్ములు. గోటితో గీకితే తారు సందుల్లోంచి పసుపుపచ్చని గింజలు రాలాయి. మిరపగింజలు! కుడివైపున కిలోమీటరు పొడవునా ఉన్నాయి. ఎడమవైపు ఒక్కటీ లేదు.

ఆ రోడ్డు గ్యాంగు మేస్త్రీ రోశయ్య తలగుడ్డ సర్దుకుంటూ చూపు తిప్పేసుకున్నాడు.

"రోశయ్యా, ఇక్కడ కాయలు ఆరబోశారా?"

"అబ్బే, లేదు మేడం."

"మరి నేనెందుకు తుమ్ముతున్నాను?"

"రోడ్డు మీద పొయ్యకూడదని తమరి బోర్డే కదండీ. తమరొచ్చే ముందు రోజు నేనే అరిచి ఎత్తించేవాణ్ని. ఇంజినీర్లు రోడ్డు చూసుకోడానికి వస్తే కాయలు అడ్డం ఉంటే బాగోదని... మర్యాదకండీ!"

ఆ మర్యాదే కొంప ముంచింది. నలభై ఐదు రోజులు కుడి సగం మిరపకాయల కింద హాయిగా పడుకుంది. పోయే లారీ, వచ్చే లారీ, మొత్తం బరువు ఎడమ సగమే మోసింది. పక్కనున్న కొత్త సరుకు కిలోమీటరు మీద ఎవరూ కాయలు పోయలేదు గనుక అక్కడ రెండు సగాలూ బరువు పంచుకున్నాయి. రహమతున్నీసా గారు ఎదుటి పొలంలోకి నడిచారు. కాయలు పోసిన రైతుల్లో పెద్ద దిక్కు చెంచమ్మ గారు.

"చెంచమ్మ గారూ, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా పోశారో కాగితం మీద చెప్పాలి."

"చెప్తే జరిమానా ఏస్తారుగా ఇంజినీరమ్మా!"

"చెప్పకపోతే ఈ రోడ్డు తవ్వేస్తారు."

చెంచమ్మ గారు ఒక్క క్షణం రోడ్డు వైపు చూశారు. "వద్దు తల్లీ, కాయ మీద దుమ్ము పడని రోడ్డు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే. ఏయ్ రోశయ్యా, ఇట్రా! వేలిముద్ర ఏస్తా, నువ్వూ సాక్షి సంతకం పెట్టు. ఎత్తించింది నువ్వేగా!"

శుక్రవారం సంతకాలు పడలేదు. కమిటీ ఒక్క ఏడాది గడువిచ్చింది. 2024 ఫిబ్రవరిలో రెండు కిలోమీటర్లకూ కుడి సగాన్ని డ్రమ్ములతో మూయించి, నలభై ఐదు రోజులు బండ్లన్నీ ఎడమ సగం మీదే నడిపించారు. మొదటి రోజే చెంచమ్మ గారు వచ్చి నిలదీశారు: "ఖాళీ డ్రమ్ములకు రోడ్డిచ్చారు గానీ, మా కాయలకియ్యరా?" రహమతున్నీసా గారు రాతపూర్వకంగా అనుమతి తెప్పించారు. మన శాఖ చరిత్రలో రెండు కిలోమీటర్ల మేర అధికారికంగా మిరపకాయలు ఎండింది ఆ ఏడాదే.

మే పదమూడున కమిటీ మళ్లీ వచ్చింది. ఆ నలభై ఐదు రోజుల్లో కొత్త సరుకు రోడ్డు ఎనిమిది మిల్లీమీటర్లు దిగింది. నూనె రోడ్డు దిగింది ఐదే. కమిటీ పెద్ద స్వయంగా మూడుసార్లు కొలిచి, నిరుటి తన కాగితాన్ని అందరి ముందూ అడ్డంగా చింపారు. రోశయ్య ఈల వేశాడు. శివనాగరాజు గారు సత్తెనపల్లి నుంచి బజ్జీలు తెప్పించారు, శనగపిండి బాకీ తీరిందంటూ. ఈ ఏడాది మన పరిధిలో నలభై రెండు కిలోమీటర్లు ఆ ఐదు పాళ్ల కొలతతోనే పడ్డాయి. ఆ నూనె చిలకలూరిపేట మిల్లులదే. అందులో గఫూర్ గారు పనిచేసిన మిల్లు కూడా ఉంది.

ఇన్నేళ్లూ ఆమె తెచ్చిన దుమ్మునూ తారు వాసననూ ఇంట్లోకి చిరునవ్వుతో రానిచ్చిన భర్త అమానుల్లా గారికీ, అమ్మ బాటలోనే సివిల్ ఇంజనీరైన కుమార్తె షమాకూ ఈ విజయంలో వాటా ఉంది.

రహమతున్నీసా గారూ, ఒక్క ఫిర్యాదు మిగిలింది. ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తూ మీరు అప్పగించిన రిజిస్టరులో ఆ కిలోమీటరు పేజీ అంతా నిండి ఉంది, ఒక్క గడి తప్ప. "రోడ్డు ఆయుర్దాయం: ఎన్నేళ్లు?" అన్న చోట మీరేమీ రాయలేదు. ఇరవై అని రాసేయమంటే, "కొలవందే ఎలా రాస్తానండి?" అన్నారు. సరే. మేమూ రాయం. ఏటా మే నెలలో కారు పంపిస్తాం. చెంచమ్మ గారు కాయలతో, రోశయ్య టేపుతో ఎదురుచూస్తుంటారు. ఆ రోడ్డు అరిగిపోయే దాకా మీరు ఇప్పటిలాగే మోకాళ్ల మీద కూర్చుని, మూడుసార్లు తుమ్మి, లేచి నిలబడి అంకె చెప్పాలి. మీరు వేసిన రోడ్డు గనుక అది తొందరగా అరగదు. అంతకాలం మీరు నిండు ఆరోగ్యంతో, మీవారందరి మధ్య చల్లగా ఉండి, ఆ గడిని మీ చేత్తోనే నింపాలని మనసారా కోరుకుంటున్నాం.